‘ఉప్పు బాగా తింటాడా?’ అంటే లేదన్నాను

మా ఇంట్లో ఉప్పు డబ్బా పోయిన ఎండాకాలం నుంచి ఫ్రిజ్ మీద ఉంటోంది. అంతకుముందు పొయ్యి పక్కనే, చెయ్యి చాపితే అందేటట్టు ఉండేది. మా చింటుగాడికి ఏడేళ్లు. కుర్చీ ఎక్కినా వాడి చెయ్యి ఫ్రిజ్ మీదికి అందదు. అందొద్దనే అక్కడ పెట్టాను.

ఈ ముక్క డాక్టర్‌కి చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. అడిగిన రోజు మాత్రం అబద్ధం చెప్పాను.

మాది కామారెడ్డి జిల్లా బాన్సువాడ. బస్టాండ్‌కి దగ్గర్లో చిన్న జిరాక్స్ దుకాణం నడుపుతాను. ఆన్‌లైన్ ఫారాలు నింపుతాను, ఫొటోలు ప్రింట్ తీస్తాను. మా ఆయన దుబాయ్‌లో ఏసీ మెకానిక్. మాది మేనరికం కాబట్టి పెళ్లయి తొమ్మిదేళ్లయినా నాకు ఆయన బావే. ఇంట్లో నేను, చింటు, అత్తమ్మ. అత్తమ్మ అంటే మా నాన్నకు సొంత అక్క. పొద్దంతా చాట ముందర పెట్టుకుని బీడీలు చుడుతుంది. మా వాడలో సగం ఇండ్లలో అదే పని.

పోయిన నెల ముసురు పట్టినప్పుడు చింటుకి జ్వరం వచ్చింది. వానాకాలం జ్వరమే కదా అనుకున్నాం. రెండో రోజు పొద్దున మూడుసార్లు వాంతి చేసుకున్నాడు. మధ్యాహ్నానికి పిలిస్తే పలకడం లేదు, కళ్లు సగం తెరిచి చూస్తున్నాడు. ఒళ్లు చల్లగా ఉంది. పక్కింటి అన్న ఆటోలో వేసుకుని ఊళ్లోనే ఉన్న పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాం. సెలైన్ పెట్టారు. ఒక బాటిల్ అయిపోవస్తుండగా వాడు కళ్లు తెరిచి అన్న మొదటి మాట, “మమ్మీ, తొక్కు.”

నర్సమ్మ నవ్వింది. నేనూ నవ్వాను, బతికిండు చాలనుకుని. డాక్టర్ మాత్రం నవ్వలేదు. రిపోర్ట్ చేతిలో పట్టుకుని వచ్చారు. సోడియం 126, పొటాషియం 5.8, షుగర్ బాగా తక్కువ. సోడియం 135 పైన ఉండాలట. ఆయన వాడి నోరు తెరిపించి చిగుళ్లు చూశారు. చేతులు తిప్పి వేళ్ల కణుపులు చూశారు. అరచేతి గీతలు చూశారు. ఫోన్ లైట్ వేసి మళ్లీ చిగుళ్లు చూశారు.

“అమ్మా, వీడు ఉప్పు బాగా తింటాడా? తొక్కులు, ఉప్పు చల్లిన జామకాయ, అట్లాంటివి?”

“లేదు సార్. మామూలుగనే.”

ఎందుకట్లా అన్నానో ఆ రోజు నన్నడిగితే నేనే చెప్పలేకపోయేదాన్ని. ఇప్పుడు చెప్పగలను. పిల్లగాడు ఉప్పు బుక్కుతున్నాడంటే తల్లి సరిగ్గా చూసుకోవట్లేదని అర్థం, మా దగ్గర అట్లనే అంటారు. మొగుడు దూరంగా ఉన్న ఆడదాని మీద ఆ మాట ఇంకాస్త తొందరగా పడుతుంది. అంతకు వారం ముందే వాడు గుప్పిట్లో ఉప్పు పట్టుకుని బాత్రూంలో దాక్కుంటే వీపు మీద రెండు వేశాను. ‘బీపీ వస్తది, కిడ్నీలు ఖరాబైతయి’ అని అరిచాను. ఇదంతా డాక్టర్ ముందు, నర్సమ్మ ముందు, పక్కింటి అన్న ముందు ఎట్లా చెప్పేది?

రెండు రోజులు అక్కడే ఉంచుకున్నారు. మూడో రోజు డాక్టర్ నన్ను కూర్చోబెట్టి, తెల్ల కాగితం మీద రెండు చిక్కుడు గింజలు గీశారు. అవి కిడ్నీలు. వాటి మీద చిన్న టోపీల్లాంటివి గీశారు. అధివృక్క గ్రంథులు. పదో తరగతిలో చదివిన పేరే, రెండు మార్కుల ప్రశ్న. అవి నా కొడుకు ఒంట్లో ఉన్నాయని అప్పుడెందుకో తట్టలేదు.

ఆయన చెప్పింది నాకు అర్థమైన మేరకు ఇది. ఆ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోన్ చేస్తాయి. జ్వరమొచ్చినా, దెబ్బ తగిలినా, ఆపరేషన్ జరిగినా ఒళ్లు తట్టుకుని నిలబడేది దానివల్లే. అవే ఆల్డోస్టెరాన్ అనే ఇంకో హార్మోన్ కూడా చేస్తాయి. ఉప్పు మూత్రంలో పోకుండా ఒంట్లో నిలబెట్టేది అది. గ్రంథులు పని తగ్గిస్తే, మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి ‘చెయ్యి, చెయ్యి’ అని ఏసీటీహెచ్ అనే హార్మోన్‌ని మోతాదు దాటి పంపిస్తుంది. అది ఎక్కువైతే చర్మం నల్లబడుతుంది. ఎండ తగలని చోట కూడా. చిగుళ్లలో కూడా.

“అయ్యుండొచ్చు అంటున్నా, అవునని అనట్లేదు. పొద్దున తీసిన కార్టిసాల్ తక్కువగా ఉంది. హైదరాబాద్‌లో పిల్లల ఎండోక్రైనాలజిస్ట్‌తో ఫోన్లో మాట్లాడాను. మిగతా టెస్టులు ఆయన దగ్గర చేస్తేనే తేలుతుంది.”

ఆ పదం స్పెల్లింగ్ రాయించుకున్నాను. రోజూ వంద ఫారాలు టైప్ చేసేదాన్ని, అది మాత్రం చెయ్యి తిరగలేదు. బయటికొచ్చి గూగుల్‌లో దగ్గర్లో ఎవరున్నారని కొడితే అన్నీ షుగర్ డాక్టర్ల బోర్డులే వచ్చాయి. పెద్దవాళ్ల షుగర్, థైరాయిడ్ చూసేవాళ్లు వేరు, పిల్లల హార్మోన్లు చూసేవాళ్లు వేరు. రెండోవాళ్లు చాలా తక్కువ, ఉన్నవాళ్లూ పెద్ద ఊళ్లలోనే. మాకు పన్నెండో రోజుకి అపాయింట్‌మెంట్ దొరికింది.

డాక్టర్ ఒక చీటీ రాసిచ్చారు. అది ఎప్పుడూ నా దగ్గరే ఉండాలన్నారు. ‘రెండుసార్లు వాంతి చేసుకున్నా, మత్తుగా పడిపోయినా పొద్దు కోసం చూడొద్దు. 108కి కొట్టండి, ఏ ఆసుపత్రి దగ్గరైతే అక్కడికే పొండి, ఈ చీటీ చూపించండి.’ అందులో హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ డోసు ఉంది. దాన్ని ల్యామినేషన్ చేశాను. జిరాక్స్ దుకాణం ఉన్నందుకు అదొక్కటైనా పనికొచ్చింది. ఒకటి నా హ్యాండ్‌బ్యాగ్‌లో, ఒకటి అత్తమ్మ చీటీల డబ్బాలో, ఒకటి స్కూల్ బ్యాగ్‌లో. స్కూల్ టీచర్‌కి చూపిస్తే ఆమె ఫోన్లో ఫొటో తీసుకుంది.

“ఇంకో మాట. అక్కడ డాక్టర్‌తో మీకు పది, పదిహేను నిమిషాలే దొరకొచ్చు. మీకు తెలిసిందంతా రాసుకుని పొండి. ఇంట్లో చూసేది మీరే, మేం కాదు,” అన్నారాయన.

అట్లా నోట్‌బుక్ మొదలైంది.

మొదటి మూడు రోజులు నేను చేసింది తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. నీలం ఫోల్డర్ తీసి, రంగు రంగుల చీటీలు అంటించాను. రిపోర్టులు ఒకవైపు, టీకాల కార్డు ఒకవైపు, ఆధార్ జిరాక్సులు నాలుగు. స్కూల్లో ఏడాదికోసారి తీసే ఎత్తు, బరువు అడిగి తెచ్చాను. పోయినేడు జూన్‌లో 19 కిలోలు, ఈ జూన్‌లో 18. ఎత్తు ఒక్క సెంటీమీటర్ పెరిగింది. అది చూస్తుంటే బడి తెరిచినప్పటి సంగతి గుర్తొచ్చింది. పాత యూనిఫాం వేసి చూస్తే సరిపోయింది. కొత్తది కొనే పని తప్పింది, ఎనిమిది వందలు మిగిలాయని సంతోషపడ్డాను. బావకి ఫోన్‌లో గొప్పగా చెప్పాను కూడా.

ఫోన్ గ్యాలరీ ఇంకో దెబ్బ కొట్టింది. డాక్టర్ ఫొటోలు తెమ్మన్నారని పోయినేడు బతుకమ్మ పండుగప్పటివి తీశాను. పసుపు రంగు కుర్తాలో చింటు, పక్కన పెద్ద బతుకమ్మ. ఇప్పుడు కిటికీ దగ్గర వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీసిన ఫొటో పక్కన పెట్టాను. ఇద్దరు వేరే పిల్లల్లాగా ఉన్నారు. రోజూ చూసే ముఖం కాబట్టి మాకెవ్వరికీ తెలియలేదు. తెలిసినవాళ్లు ‘నాయిన లెక్క నల్లగైతుండు’ అని నవ్వారు. ఎండలో ఆడతాడు అనుకున్నాం. బావ దుబాయ్ నుంచి వచ్చే ఒకతనితో తెల్లబడే క్రీము పంపించాడు. రెండు నెలలు పూశాను. సైకిల్ మీంచి పడ్డప్పటి మోకాలి మచ్చ, చేతి మీద టీకా మచ్చ, రెండూ బొగ్గులాగా అయ్యాయి. అవి కూడా ఫొటో తీశాను. మచ్చలు నల్లబడటం కూడా ఒక గుర్తేనట.

ఫోల్డర్ బాగా తయారైంది. చూసినవాళ్లు మెచ్చుకునేటట్టే ఉంది. అందులో అసలు ముక్క మాత్రం లేదు.

రాత్రుళ్లు నిద్రపట్టక ఫోన్ చూసేదాన్ని. చూడొద్దని డాక్టర్ చెప్పారు, ఎవరు వింటారు? థామస్ ఆడిసన్ అనే లండన్ డాక్టర్ 1855లోనే ఈ జబ్బు గురించి పుస్తకం రాశాడట. నీరసం, వాంతులు, రాగిరంగుకి తిరిగిన చర్మం. అప్పట్లో ఎక్కువగా టీబీ ఆ గ్రంథుల్ని తినేయడం వల్ల వచ్చేదట. ‘ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా’ అని మా డాక్టర్ అడిగింది అందుకేనని అప్పుడర్థమైంది. పొగాకు దుమ్ముతో అత్తమ్మకి ఎప్పుడూ దగ్గే. తెల్లారి ఏరియా ఆసుపత్రిలో తెమడ పరీక్షకి ఇప్పించాను. టీబీ లేదని వచ్చింది. ఆ కాగితం కూడా ఫోల్డర్‌లో చేరింది.

నాలుగో రాత్రి ఇంకోటి చదివాను. 1940లో అమెరికాలో, బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో పనిచేసే లాసన్ విల్కిన్స్, కర్ట్ రిక్టర్ రాసిన కేసు అది. మూడున్నరేళ్ల పిల్లవాడు. అధివృక్క గ్రంథుల జబ్బని అప్పటికి ఎవరికీ తెలియదు. ఇంట్లో వాడు బిస్కెట్ల మీద ఉప్పు నాకేవాడు, ఉప్పు డబ్బా కోసం ఏడ్చేవాడు. నేర్చుకున్న మొదటి మాటల్లో ఒకటి ఉప్పు. తల్లిదండ్రులు ఇచ్చారు, వాడు బతికాడు. వేరే కారణంతో ఆసుపత్రిలో చేర్చుకున్నారు. అక్కడ అందరికీ పెట్టే తిండే వాడికీ పెట్టారు. అడిగినంత ఉప్పు దొరకలేదు. కొద్ది రోజుల్లోనే చనిపోయాడు. వాడు ఉప్పు ఎట్లా తినేవాడో తర్వాత తల్లిదండ్రులు ఉత్తరంలో వివరంగా రాస్తేనే డాక్టర్లకి సంగతి అర్థమైంది. ఒంట్లోంచి పోతున్నదాన్ని వాడు నోటితో నింపుకుంటున్నాడు. వాడి మందు వాడే వేసుకుంటున్నాడు.

ఫోన్ బోర్లా పెట్టేశాను. చీకట్లో వంటింట్లోకి పోయి ఫ్రిజ్ మీంచి డబ్బా దించాను.

పొద్దున ఆరింటికి డాక్టర్‌కి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాను. ‘సార్, మీరడిగితే అబద్ధం చెప్పిన. బాబు ఉప్పు బాగా తింటడు. ఎండాకాలం నుంచి దాచిపెట్టిన. కొట్టిన గూడ.’ పంపించాక డిలీట్ చేద్దామా అని రెండుసార్లు వేలు పెట్టాను. ఏడింటికి నీలం టిక్కులు పడ్డాయి. జవాబు వచ్చింది. ‘చెప్పడం మంచిదైంది. ఉప్పు ఆపొద్దు, అడిగితే ఇవ్వండి. ఎప్పుడు, ఎంత తింటున్నాడో రాయండి. హైదరాబాద్ డాక్టర్‌కి ఇదే మొదట చెప్పండి.’

కొట్టిన సంగతి గురించి ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

ఆ రోజు స్కూల్ నుంచి రాగానే చింటుని దగ్గర కూర్చోబెట్టుకున్నాను. ఉప్పు ఎప్పుడెప్పుడు తింటావు నాన్నా, డాక్టర్ సార్‌కి రాయాలి అన్నాను. వాడు నా ముఖం చూడలేదు.

“కొడ్తవా?”

“కొట్టను.”

“ఒట్టు?”

“ఒట్టు.”

లేచిపోయి బ్యాగ్‌లోంచి జామెట్రీ బాక్స్ తెచ్చాడు. మూత తీశాడు. పెన్సిల్ ముక్కలు, రబ్బరు, వాటి కింద నోట్‌బుక్ కాగితంలో మడిచిన ఉప్పు. గల్లు ఉప్పు, మా ఇంట్లోది కాదు. పక్క బెంచీ పిల్లవాడికి స్టిక్కర్లు ఇచ్చి తెప్పించుకుంటున్నాడట. స్కూల్ గేటు దగ్గర జామకాయలమ్మే ముసలమ్మ అడిగితే ఒక చిటికెడు ఊరికే పెడుతుందట. ఇంట్లో తొక్కు జాడీలో వేలు పెట్టి ముక్క తీయకుండా పైన ఊట నాకుతాడట. ఊట తగ్గిందని నేను అత్తమ్మని అనుమానించాను, ఆమెకి ఈ ముక్క ఇంతవరకూ చెప్పలేదు.

“తినకపోతే ఏమైతది?” అని అడిగాను.

కొంచెం ఆలోచించాడు. “కాళ్లు మెత్తగైతయి,” అన్నాడు.

కాళ్లు మెత్తబడతాయి. ఏడేళ్ల పిల్లవాడు చెప్పిన మాటని నోట్‌బుక్‌లో అట్లాగే రాశాను. ఏ రిపోర్ట్‌లోనూ లేని లైను అది. డ్రిల్ పీరియడ్‌లో కూర్చుంటాడని టీచర్ డైరీలో రాస్తే ‘బద్ధకం’ అని నేను సంతకం పెట్టి పంపాను. ఆ పేజీ కూడా జిరాక్స్ తీశాను.

ఆ తర్వాత మిగిలింది కుటుంబ వివరాలు. రాయడానికి ఇదే తేలిక అనుకున్నాను.

‘దగ్గరి బంధువుల పెళ్లా?’ అని హైదరాబాద్ ఆసుపత్రివాళ్లు పంపిన ఫారంలో ఒక గడి ఉంది. అవును అని టిక్ పెట్టాలి, అంతే. కానీ ఆ టిక్ ఎందుకో నాకు తెలుసు. అధివృక్క గ్రంథుల జబ్బుల్లో కొన్ని పుట్టుకతో వస్తాయి. తల్లి, తండ్రి ఇద్దరి దగ్గరా అదే లోపమున్న జన్యువు ఉండి, ఇద్దరి నుంచీ అదే దిగితే పిల్లలకి జబ్బు వస్తుంది. అట్లాంటి జంటకి ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. తాత ఒకరే అయితే ఇద్దరి దగ్గరా అదే జన్యువు ఉండే వీలు పెరుగుతుంది. బయటి సంబంధమైతే రాదని కాదు, మేనరికమైతే వచ్చి తీరుతుందనీ కాదు. హైదరాబాద్‌లోని నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో 18,300 మంది పసిపిల్లల రక్తం పరీక్షిస్తే, అధివృక్క గ్రంథుల్లో పుట్టుకతో వచ్చే ఒక జబ్బు దాదాపు 2,600 మందిలో ఒకరికి కనబడిందని 2004లో అచ్చయిన పరిశోధనలో ఉంది. అది పుట్టిన కొద్ది వారాల్లోనే బయటపడే రకం. చింటుది అది కాకపోవచ్చని డాక్టర్ అన్నారు, వేరేవి ఉన్నాయన్నారు. అయినా ఒక్క రక్తం చుక్క సంగతి కదా, మన దగ్గర పుట్టిన ప్రతి బిడ్డకీ ఎందుకు చెయ్యరో నాకర్థం కాదు.

రాత్రి బోటిమ్‌లో బావకి చెప్పాను. డ్యూటీ అయిపోయి రూంలో మంచం మీద పడుకుని ఉన్నాడు, పై బెర్తులో ఎవరో పాట పెట్టుకున్నారు.

“గవన్ని రాస్తే మనదే తప్పంటరు. అమ్మ వింటే ఏమనుకుంటది? ఈ పెండ్లి చేసింది అమ్మనే గద,” అన్నాడు.

“తప్పెవరిదో అడుగుతలేరు బావా. తెల్వాలని అడుగుతున్నరు.”

కట్ చేశాడు. నెట్ పోయిందని తర్వాత మెసేజ్ పెట్టాడు. నమ్మినట్టే ఉన్నాను.

ఇంకో గడి ఉంది ఫారంలో. ‘కుటుంబంలో చిన్న వయసులో చనిపోయిన పిల్లలు?’ దీనికీ జవాబు నాకు తెలుసు, సగం తెలుసు. బావకి ముందు ఒక అన్న ఉండేవాడు. మూడేళ్లప్పుడు పోయాడు. ఇంట్లో అతని ఫొటో లేదు, పేరు ఎవ్వరూ పలకరు. చిన్నప్పుడు ఒకసారి నేను అడిగితే మా నాన్న కళ్లెర్రజేశాడు.

అత్తమ్మ వాకిట్లో కూర్చుని తునికాకు కత్తిరిస్తోంది. పక్కన కూర్చుని ఫారం చదివి వినిపించాను. కత్తెర ఆగలేదు. చాలాసేపు ఏమీ అనలేదు. ఇక లేద్దామనుకుంటుండగా మొదలుపెట్టింది.

“వానకాలమే. రెండు దినాలు కక్కిండు. నిజామాబాద్ తీస్కపోదామంటే బస్సు దొరికేసరికి చీకటైంది. తొవ్వలనే పాయె.” కత్తిరించిన ఆకుల్ని సమంగా పేర్చింది. “పుట్టినప్పుడు మంచి తెల్లగుండె. ఆఖరుకు నల్లగైండు. దిష్టి తాకిందన్నరు. మంత్రం పెట్టిచ్చిన, తాయెత్తు కట్టిచ్చిన.”

నాకు గొంతు ఎండిపోయింది. “ఉప్పు తినేటోడా అత్తమ్మా?”

ఈసారి కత్తెర ఆగింది.

“గదే యాదికొస్తలేదు బిడ్డా. నువ్వడుగుతుంటే తిన్నట్టే అనిపిస్తుంది. నువ్వడిగినవని అనిపిస్తుందో ఏమో. అబద్ధం చెప్పినట్టైతది, గది రాయకు.”

రాయలేదు. ‘ఉప్పు గురించి కచ్చితంగా గుర్తు లేదు’ అని రాశాను. ముప్పై ఏళ్లు దాటినా, ఇంత బాధలోనూ ఆమె గుర్తున్నదాన్నీ అనిపించినదాన్నీ వేరు చేసి చెప్పింది. నేను నాలుగు రోజుల ముందు కళ్లెదురుగా చూసినదాన్ని లేదన్నాను.

“నేనే గద మిమ్మల్నిద్దర్ని ఒక్కటి చేసిన,” అంది లేచిపోతుంటే. ఏమనాలో తెలియక ఆమె చాటలో రాలిన పొగాకు ఎత్తి డబ్బాలో వేశాను.

మర్నాడు మధ్యాహ్నం బావ నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనక డ్రిల్లింగ్ మిషన్ చప్పుడు. “అమ్మ ఫోన్ చేసింది. రాయి. అన్న పేరు గూడ రాయి.” పేరు చెప్పాడు. నా పెళ్లయినంక ఆ పేరు మా ఇంట్లో వినడం అదే మొదటిసారి. రాశాను.

ఒక్క పనిలో మాత్రం ఓడిపోయాను. పోయిన చలికాలం చింటుకి పిల్లికూతలు వస్తే ఆర్ఎంపీ దగ్గర మందులు వాడాం. స్టెరాయిడ్ మాత్రలు చాలా రోజులు వాడి ఒక్కసారి ఆపినా ఈ గ్రంథులు మొద్దుబారతాయట, అందుకే ఆ పేర్లు కావాలన్నారు. మాత్రలు ఆయన కాగితంలో చుట్టి ఇచ్చాడు, అట్ట లేదు. పోయి అడిగితే ‘గ్యాస్‌వి, దగ్గువి, ఏదో ఇచ్చుంటా’ అన్నాడు. బతిమాలినా అంతకన్నా చెప్పలేదు. ‘తెల్లవి, చిన్నవి, పది రోజులు, పేరు తెలియదు’ అని రాసుకున్నాను. పేరులేని మాత్ర మింగించింది నేనే, ఆయన్ని అని ఏం లాభం. అది కూడా రాసుకున్నాను. తర్వాత డాక్టర్‌కి అక్కరలేదని కొట్టేశాను.

కార్టిసాల్ పొద్దున ఎనిమిది ప్రాంతంలో ఎక్కువగా ఉంటుంది, అందుకే ఆ వేళకే రక్తం తీస్తారు. తర్వాత ఒక ఇంజెక్షన్ ఇచ్చి, గ్రంథులు లేచి పనిచేస్తాయో లేదో మళ్లీ రక్తం తీసి చూస్తారు. బాన్సువాడ నుంచి తెల్లవారుజామున బయల్దేరితే ఆ వేళకి అందుకోలేం. ముందురోజే పోయి బోరబండలో పిన్ని వాళ్లింట్లో పడుకోవాలి. పరగడుపున రావాలా అని ఆసుపత్రికి ఫోన్ చేసి అడిగాను. షుగర్ పడిపోయే పిల్లవాడు కదా, ఎక్కువసేపు ఖాళీ కడుపుతో ఉంచొద్దని, ఏం తినిపించాలో అక్కడి సిస్టర్ చెప్పింది. అడక్కపోతే రాత్రి నుంచి పస్తు పెట్టేదాన్నే. మన దగ్గర రక్తపరీక్ష అంటే పస్తే కదా.

నా ప్రశ్నలు కూడా రాసుకున్నాను. పదహారు వచ్చాయి. మూడింటి కింద గీత గీశాను. జ్వరం వస్తే రాత్రి నేను ఇంట్లో ఏం చెయ్యాలి? ఆ ఇంజెక్షన్ నేను నేర్చుకోవచ్చా? రెండో బిడ్డ గురించి ఆలోచించొచ్చా? మూడోది రాసి, చెరిపి, మళ్లీ రాశాను.

విల్కిన్స్ గురించి అత్తమ్మకి చెప్పింది ఆ సాయంత్రమే. ఆ పిల్లవాడి కేసు రాసిన పదేళ్లకి, 1950లో, అదే డాక్టర్ కార్టిజోన్ మందుతో అట్లాంటి పిల్లలకి వైద్యం మొదలుపెట్టాడని, ఇప్పుడు రోజూ మాత్రలు వేసుకుంటూ బడికి పోయే పిల్లలున్నారని చెప్పాను. “పదేండ్లు,” అంది. వేళ్ల మీద ఏదో లెక్కబెట్టుకుంది. ఏం లెక్కో అడగలేదు.

బయల్దేరిన రోజు వాన లేదు. బస్టాండ్‌లో హైదరాబాద్ ఎక్స్‌ప్రెస్ దొరికింది. ఆధార్ చూపిస్తే నాకు జీరో టికెట్, వాడికి హాఫ్ టికెట్. ఒళ్లో నీలం ఫోల్డర్, బ్యాగ్‌లో చీటీ, నీళ్లు, బిస్కెట్లు, చిన్న స్టీలు డబ్బాలో ఉప్పు. అత్తమ్మ సర్ది ఇచ్చింది. తొక్కు కూడా పెట్టింది, వద్దంటే వినలేదు.

వాడికి కిటికీ సీటు. కాలువ పక్క పొలాలు దాటేదాకా సూది గురించే అడిగాడు. ఎన్నిసార్లు గుచ్చుతారు, ఏ చేతికి, నువ్వు లోపలికొస్తవా. రెండుసార్లో మూడుసార్లో, వస్తాను అన్నాను. తర్వాత నోట్‌బుక్ లాక్కుని మొదటి పేజీ తీశాడు. రెండో తరగతి, తెలుగు ఇప్పుడిప్పుడే కూడబలుక్కుంటున్నాడు. వేలు పెట్టి చదివాడు.

“చిం... టు... రో... జు... కు... మూ... డు... సా... ర్లు... ఉ... ప్పు...”

ఆగి నా వైపు చూశాడు.

“మమ్మీ, తప్పు రాసినవ్. మూడు గాదు, ఐదు.”

బ్యాగ్‌లో పెన్ను వెతికాను. బస్సు కుదుపుకి అంకె వంకరగా పడింది. వాడు దాన్ని చూసి, సరేనని తలూపి, డబ్బా ఇవ్వమని చెయ్యి చాపాడు.